చలికాలంలో ఐస్‌లాండ్, అద్దె కారు: మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకి

ఐస్‌లాండ్ అనగానే మనవైపు అందరూ ముందు అడిగేది చలి ఎంత ఉంటుందని. చలి సంగతి బట్టలు చూసుకుంటాయి. అక్కడి దక్షిణ తీరంలో చలికాలమంతా ఉష్ణోగ్రత ఎక్కువగా సున్నాకి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది గాలిని. ఆ తర్వాత, పగలు కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టే రోడ్డుని. ఈ రెండూ చూసుకుని "ఇవాళ కదలం" అని చెప్పగలిగితే ఈ ప్రయాణం ఎవరైనా చెయ్యొచ్చు. ఆ మాట చెప్పలేనివాళ్ళు ఎంత మంచి డ్రైవర్లయినా వేసవిలో వెళ్ళడమే మంచిది.

మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. మా అక్క, బావగారు డెన్మార్క్‌లో ఉంటారు. అమ్మని, మా ఆవిడని తీసుకుని నేను అక్కడికి వెళ్ళి, అందరం కలిసి ఫిబ్రవరిలో ఐస్‌లాండ్ వెళ్ళాం. బావగారు, నేను మార్చి మార్చి నడిపాం. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు పిల్లలు ఇప్పుడు యూరప్‌లో చాలామంది ఉన్నారు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు కారు తీసుకుని తిప్పాలని వాళ్ళకి ఆశ. వాళ్ళ కోసం, పక్క సీట్లో కూర్చునే పెద్దవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఎప్పుడు, ఎంత దూరం

సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి కదా అంటారు. పండక్కి ఇక్కడే ఉండండి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసుకోండి. ఫిబ్రవరి రెండో సగంలో బయల్దేరండి. కారణం వెలుతురు. డిసెంబరు చివర్లో రేక్యావిక్‌లో పగలు 4 గంటల పైచిలుకు, అంతే. పొద్దున 11 దాటాక తెల్లారుతుంది, మధ్యాహ్నం మూడున్నరకి పొద్దుపోతుంది. సంక్రాంతి నాటికి సుమారు అయిదున్నర గంటలు. ఫిబ్రవరి ఆఖరుకి దాదాపు 10 గంటలు వస్తుంది. మంచు రోడ్డుని కంటితో చూసుకుంటూ నడపాలి కాబట్టి పగలే నడపాలి. రాత్రిళ్ళు అప్పటికీ బాగా చీకటిగానే ఉంటాయి, మబ్బు లేకపోతే ఆకాశంలో ఆ పచ్చటి ధ్రువకాంతులు కనిపించే అవకాశం కూడా పోదు.

దేశం చుట్టూ తిరిగే 1వ నంబరు రోడ్డు 1,322 కిలోమీటర్లు. వారంలో చుట్టేసి వద్దామని చాలామంది ప్లాన్ వేస్తారు. చలికాలంలో ఆ ఆలోచన వదిలెయ్యండి. ఉత్తరాన, తూర్పున కొండదారులు గాలివాన పట్టుకుంటే మూసేస్తారు. మీరు ఆ కొసన చిక్కుకుంటే విమానం ఈ కొసన వెళ్ళిపోతుంది. దక్షిణ తీరం చాలు, కావలసినంత ఉంది. కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు నుంచి రేక్యావిక్ సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఒక రోజు థింగ్‌వెట్లిర్ జాతీయ పార్కు, గేసిర్ వేడినీటి బుగ్గలు, గుల్‌ఫోస్ జలపాతం చూసి రావచ్చు. తర్వాత తీరం పట్టుకుని సెల్యాలండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ జలపాతాల మీదుగా వీక్ అనే ఊరు, రేక్యావిక్ నుంచి సుమారు 190 కిలోమీటర్లు. వీక్ నుంచి మరో 190 వెళ్తే మంచు కొండల నుంచి విరిగిన గడ్డలు తేలే యోకుల్సార్లోన్ సరస్సు. అక్కడి నుంచి వెనక్కి తిరగండి. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే నంబర్లున్న కొండ రోడ్లు చలికాలంలో మూసి ఉంటాయి, ఫోన్ మ్యాపు చూపించినా అటు పోవద్దు.

ఇంత దూరానికి ఎన్ని రోజులు చాలని లెక్క వేశాక, దానికి కనీసం ఒక ఖాళీ రోజు కలపండి. ఆ ఖాళీ రోజు తిరుగు విమానానికి ముందు రోజే అయితే ఇంకా మేలు. హోటళ్ళు, గెస్ట్‌హౌస్‌లు డబ్బు పోకుండా రద్దు చేసుకునే రకమే బుక్ చెయ్యండి. కొంచెం ఎక్కువ పడుతుంది, అయినా అదే తీసుకోండి. గది డబ్బు పోతుందని గాలిలో బయల్దేరే పరిస్థితి అప్పుడు రాదు.

ఇక్కడ ఉండగానే

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి సారథి వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకుని, లైసెన్సు ఏ ఆర్టీవో ఆఫీసు కింద ఉందో అక్కడికి పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళాలి. ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. అది ఉన్నా అసలు లైసెన్సు కార్డు కూడా దగ్గర ఉండాలి. తర్వాత తీరిగ్గా చూద్దాంలే అనుకోకండి, ముందే వెళ్ళండి.

కారు కంపెనీలు డ్రైవరు పేరు మీద క్రెడిట్ కార్డు అడుగుతాయి, డిపాజిట్ దాని మీదే పట్టి ఉంచుతాయి. డెబిట్ కార్డుతో పని జరక్కపోవచ్చు. మన బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చెయ్యండి. కార్డు పిన్ నంబరు గుర్తుందో లేదో చూసుకోండి, ఇది చాలా ముఖ్యం. ఊళ్ళ మధ్య పెట్రోలు బంకుల్లో చాలాచోట్ల మనిషి ఉండడు. మిషన్లో కార్డు పెట్టి, పిన్ కొట్టి, మనమే పోసుకోవాలి. పిన్ లేని కార్డుతో అక్కడ పెట్రోలు రాదు.

కారు తీసుకునేటప్పుడు

ఫోర్ బై ఫోర్ కావాలా అని అందరూ అడుగుతారు. దొరికితే తీసుకోండి. కాకపోతే ఒకటి తెలుసుకుని తీసుకోండి: నాలుగు చక్రాలూ తిరగడం వల్ల కారు మంచులోంచి కదులుతుంది, ఆగడానికి మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. ఆపేవి టైర్లు. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 14 దాకా అక్కడ మేకుల టైర్లు వాడనిస్తారు. రబ్బరులో చిన్న చిన్న ఇనప మేకులు దిగ్గొట్టి ఉంటాయి, గడ్డకట్టిన రోడ్డుని అవి పట్టుకుంటాయి. బుక్ చేసేటప్పుడే మేకుల టైర్లు కావాలని అడగండి. తాళాలు తీసుకునే ముందు వంగి నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూడండి. చలికాలం టైరు గాడి 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదని అక్కడి రూలు. పడుకోవడానికి వీలుగా ఉండే ఎత్తు వ్యాన్లు చౌకగా కనిపిస్తాయి. చలికాలంలో వాటి జోలికి పోవద్దు, గాలికి అడ్డంగా ఊగిపోతాయి.

ఇన్సూరెన్సు కాగితం ఓపిగ్గా చదవండి. అక్కడ కంకర రాయి తగిలి అద్దం పగలడానికి వేరే, ఇసుక, బూడిద గాలికి రంగు ఊడిపోవడానికి వేరే ఇన్సూరెన్సు అమ్ముతారు. కంకరది తప్పకుండా తీసుకోండి. తూర్పుకి సరస్సు దాకా వెళ్తున్నారు కాబట్టి ఇసుకది కూడా తీసుకోండి. ఆ దారిలో స్కేదరార్‌సాండుర్ అనే పెద్ద ఇసక మైదానం దాటాలి, గాలి లేస్తే అక్కడి ఇసక కారు రంగు గీకేస్తుంది. ఎన్ని కొన్నా సాధారణంగా దేంట్లోనూ రానిది ఒకటుంది: గాలికి తలుపు విరగడం. దాని సంగతి కింద చెబుతాను.

కారు చుట్టూ వీడియో తియ్యండి. చలికాలం కార్ల మీద ఉప్పు బురద పేరుకుని ఉంటుంది, దాని కింద గీతలు కనపడవు. మొహమాటపడకుండా కడిగించమని అడగండి. మాకు ఇచ్చినాయన మొదట అక్కర్లేదన్నాడు. బావగారు నవ్వుతూనే, "కడిగాకే సంతకం పెడతామండీ" అని చెప్పారు. కడిగారు. ముందు బంపరు కింద రెండు గీతలు బయటపడ్డాయి, వాటిని కాగితం మీద రాయించుకున్నాం.

విమానం దిగిన రోజు నడపకండి. రాజమండ్రిలో ఎక్కి హైదరాబాదు, అక్కడి నుంచి ఏ యూరప్ ఊరో, మళ్ళీ కెఫ్లావిక్. ఆ అలసటతో, కుడివైపు నడిపే దేశంలో, చీకట్లో మొదటిసారి స్టీరింగ్ పట్టుకోవడం వద్దు. ఎయిర్‌పోర్టు దగ్గరే పడుకోండి. మర్నాడు తెల్లారాక ఏదైనా ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట తిప్పండి. అక్కడ ఒక పని చెయ్యాలి. వెనకా ముందూ ఎవరూ లేకుండా చూసుకుని, గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేకు గట్టిగా తొక్కండి. కాలి కింద పెడలు టకటకా కొట్టుకుంటుంది, కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. అది ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోయి జారకుండా బ్రేకుని పట్టి వదులుతూ ఉండే ఏర్పాటు. తెలియనివాళ్ళు ఆ చప్పుడుకి కంగారుపడి కాలు తీసేస్తారు. తియ్యకూడదు, అలాగే తొక్కి ఉంచాలి. అది కాలికి అలవాటైతే మిగతా ప్రయాణంలో సగం టెన్షన్ పోతుంది.

హెడ్‌లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూ ఉండాలి, అది చట్టం. ఆటో మీద వదిలేస్తే కొన్ని కార్లలో పగలు వెనక లైట్లు వెలగవు. చేత్తో తిప్పి డిమ్‌లో పెట్టండి. తారు రోడ్డు మీద గరిష్ట వేగం 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్ళో సాధారణంగా 50. మంచులో అంత వేగం వెళ్ళమని కాదు. రౌండ్ అబౌట్‌లో రెండు వరసలుంటే లోపలి వరసలో ఉన్న కారుదే ముందు, బయటి వరసవాళ్ళు ఆగాలి. ఇది వేరే దేశాల్లో నడిపినవాళ్ళు కూడా పొరబడేది. ఒక్క కారు పట్టే వంతెనలు చాలా వస్తాయి, ముందు దగ్గరికి చేరినవాళ్ళు ముందు వెళ్తారు. మన కాలవ వంతెనల మీద హారన్ కొట్టి దూరిపోయే అలవాటు అక్కడ పనికిరాదు, వేగం తగ్గించి అవతలివాణ్ణి చూసి వెళ్ళండి. 135 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ప్రత్యేకమైన సీటు ఉండాలి, కారుతో పాటే బుక్ చేసుకోండి.

గాలి

అక్కడ గాలిని సెకనుకి ఇన్ని మీటర్లని చెబుతారు. వింటే చిన్న అంకెలా అనిపిస్తుంది. దాన్ని 3.6తో గుణిస్తే మనకి తెలిసిన లెక్కలోకి వస్తుంది. 15 అంటే గంటకి 54 కిలోమీటర్లు. 20 అంటే 72. 25 అంటే 90. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకి 62 దాటితే దాన్ని తుపాను అంటారు. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి తోటలకి ఏమైందో చూసినవాళ్ళకి గాలి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మన దగ్గర అది ఏ కొన్నేళ్ళకో వస్తుంది, పేరు పెట్టి, ముందే చాటింపు వేసి, ఊళ్ళు ఖాళీ చేయిస్తారు. అక్కడ చలికాలంలో 20 దాటిన గాలి మామూలు విషయం.

మేం పెట్టుకున్న నియమం ఇది. 15 లోపుంటే వెళ్ళడం. 15 దాటితే దారిలో కొండల పక్క భాగం ఉందా అని చూసి ఆలోచించడం. 20 దాటితే కదలకపోవడం. మామూలు గాలి అంకె ఒక్కటే చూస్తే చాలదు, మధ్యమధ్య ఉధృతంగా విసిరే గాలి ఎంతో చూడాలి, అదే కారుని పక్కకి నెట్టేది. ముఖ్యమైన దారుల్లో రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి, ఉష్ణోగ్రత, గాలి చూపిస్తాయి. సెల్యాలండ్స్‌ఫోస్ నుంచి స్కోగాఫోస్ మధ్య ఎయ్యాఫ్యాట్ల కొండల కింద భాగం, సరస్సుకి వెళ్ళే దారిలో ఓరైవి కొండల కింద భాగం ఈ విసురు గాలులకి పేరుపడ్డవి. చుట్టూ ప్రశాంతంగా ఉన్నా కొండ మలుపు తిరగ్గానే ఒక్కసారిగా కొడుతుంది.

రోజూ పొద్దున కాఫీ తాగేటప్పుడు మూడు చూడండి. వాతావరణానికి వాళ్ళ వాతావరణ శాఖ వేదుర్ వెబ్‌సైటు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలుంటాయి, నారింజ వచ్చిందంటే బయటికి వెళ్ళాలన్న ఆలోచనే మానేయండి. రోడ్లకి ఉమ్‌ఫెర్దిన్ అనే మ్యాపు. పచ్చ రంగు ఉంటే దారి బాగున్నట్టు, ఎరుపైతే మూసేసినట్టు, మధ్యలో రంగులు మంచు ఎంత ఉందో చెబుతాయి. మూడోది సేఫ్‌ట్రావెల్, ప్రయాణికుల కోసం పెట్టింది. రోడ్ల సమాచారానికి ఫోన్ నంబరు 1777. ఇవి పొద్దున ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు, ఆగిన ప్రతిచోటా చూడాలి.

వీక్‌లో ఉండగా మాకు ఇలాంటి పొద్దు ఒకటి వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎండ, మంచు కూడా పెద్దగా లేదు. మ్యాపులో ఓరైవి దగ్గర విసురు గాలి 29 చూపిస్తోంది. బావగారు ఫోన్లో గుణించి, "గంటకి నూట నాలుగురా" అన్నారు. యోకుల్సార్లోన్ దగ్గర ఆ రాత్రికి గది ఉంది. మా ఆవిడ అప్పటికే పెట్టె సర్దేసింది. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. అమ్మ మాత్రం, "సఖినేటిపల్లి రేవులో గాలి లేస్తే పంటు కట్టేస్తారు. నర్సాపురం పెళ్ళికి వెళ్ళాల్సినవాళ్ళయినా గట్టు మీద కూర్చుంటారు. కూర్చోండి" అంది. కూర్చున్నాం. ఆ మధ్యాహ్నం రోడ్డు మ్యాపులో అటువైపు ఎర్రగా మారింది.

ఇంటి నుంచి బయల్దేరే ముందే ఒక మనిషికి ఆపే అధికారం ఇచ్చెయ్యండి. ఆ మనిషి వద్దంటే వద్దు, చర్చ లేదు. నడిపేవాళ్ళకి ఆ అధికారం ఇవ్వకండి, వెనక సీట్లో వాళ్ళకివ్వండి. మన ఇళ్ళల్లో మొహమాటం ఎక్కువ. అల్లుడుగారు అంత ఖర్చుపెట్టి తెచ్చారు కదా అని అత్తగారు భయమేస్తున్నా చెప్పదు. పెద్దవాళ్ళు ఆశపడుతున్నారు కదా అని నడిపేవాడు అలిసిపోయినా ఆపడు. ముందే పని అప్పగిస్తే ఈ ఇబ్బంది ఉండదు. మా కారులో ఆ పని అమ్మది.

రోడ్డుకి అడ్డంగా గేటు వేసి ఉంటే పక్క నుంచి దూరి వెళ్ళకండి. మూసిన రోడ్డులో ఏం జరిగినా ఇన్సూరెన్సు రాదు.

ఇక తలుపు. అద్దె కారుకి చలికాలంలో ఎక్కువగా అయ్యే ఖర్చుల్లో ఇదొకటి. కారు ఆపేటప్పుడు ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి. గాలి వెనక నుంచి వస్తుంటే తలుపు తీసీ తియ్యగానే ముందుకి విరుచుకుపోతుంది, బందులు వంగిపోతాయి. తీసేటప్పుడు ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి తలుపు అంచు మీద ఉండాలి. కొంచెం తీసి, గాలి బరువు చేతికి తెలిశాక మిగతాది తియ్యాలి. ఒకేసారి రెండు తలుపులు తియ్యకూడదు, గాలి కారులోంచి దూసుకుపోయి కాగితాలు, టోపీలు, బోర్డింగ్ పాసులు అన్నీ తీసుకుపోతుంది. పెద్దవాళ్ళ తలుపు బయటి నుంచి మీరే తియ్యండి. లోపల నుంచి తీస్తే వాళ్ళ చేతికి ఆ బలం ఆగదు.

మంచు రోడ్డు

బాగా గడ్డకట్టిన చలి కన్నా సున్నా దగ్గరి చలి ప్రమాదం. మంచు మీద పల్చటి నీటి పొర ఉంటుంది, టైరుకి పట్టు ఉండదు. రోడ్డు నల్లగా తడిసినట్టు కనపడితే అనుమానించండి. ముందు కారు చక్రాల నుంచి నీటి తుంపర లేస్తుంటే అది తడి. నల్లగా మెరుస్తూ, తుంపర లేవకపోతే అది గడ్డకట్టిన మంచు. వంతెనల మీద, కొండ నీడ పడే మలుపుల్లో ముందుగా గడ్డకడుతుంది, అక్కడికి చేరకముందే వేగం తగ్గించాలి.

ఏ పనైనా నెమ్మదిగా చెయ్యడం తప్ప ఇందులో పెద్ద రహస్యం లేదు. యాక్సిలరేటర్ మెల్లగా, బ్రేకు చాలా ముందు నుంచి, స్టీరింగ్ కుదుపు లేకుండా. కాలు పెట్టకుండానే ఒకే వేగం పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్ వాడొద్దు. ముందు కారుకి మామూలుగా వదిలే దూరానికి మూడు నాలుగు రెట్లు వదలండి. దిగుడు దారిలో గేరు తగ్గించి, ఇంజను మీదే దించండి. కారు జారితే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, వెళ్ళాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ అటు పట్టండి. పడబోతున్న గుంట వైపు చూస్తే చెయ్యి కూడా అటే వెళ్తుంది. వెనక ఎవరైనా తొందరపడుతుంటే తర్వాత వచ్చే పార్కింగ్ చోట పక్కకి తీసి దారివ్వండి. ఫొటో కోసం రోడ్డు మీద కారు ఆపకండి. గుర్రాలు కనపడ్డా, ఆకాశంలో పచ్చటి కాంతి కనపడ్డా సరే. రోడ్డు దిగి పక్క నేల మీద నడపడం చట్టరీత్యా నేరం, అక్కడి నాచు మళ్ళీ మొలవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

పొద్దున కారు అద్దం మీద గడ్డకట్టిన మంచుని గీకుడు బద్దతో గీకాలి. వేడినీళ్ళు పొయ్యకండి, అద్దం పగులుతుంది. పైకప్పు మీది మంచు కూడా దులపండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు అదంతా ముందు అద్దం మీదికి జారుతుంది. ఆగిన ప్రతిసారీ ముందు, వెనక లైట్లు తుడవండి. లోపల ఆవిరి పడితే వేడితో పాటు ఏసీ కూడా వేసి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. ఎక్కే ముందు బూట్లు ఒకదానికొకటి కొట్టి మంచు దులుపుకుంటే ఆవిరి సగం తగ్గుతుంది. అద్దం కడిగే నీళ్ళ డబ్బాలో గడ్డకట్టని రకమే పొయ్యాలి, బంకుల్లో అమ్ముతారు. పెట్రోలు సగానికి వచ్చేసరికి నింపేయండి.

బట్టలు, తిండి

ఒంటికి ఆనుకుని ఉన్ని, దాని మీద ఫ్లీస్, అన్నిటిపైన గాలి, నీళ్ళు చొరని కోటు. నూలు బట్ట ఒంటికి తగలకూడదు, తడిస్తే ఆరదు. పెద్దవాళ్ళకి మంకీ టోపీ ఉంటే తీసుకెళ్ళండి, గాలికి దాన్ని మించింది లేదు. బూట్లు రెండు జతల మేజోళ్ళు పట్టేంత వదులుగా ఉండాలి. బూట్లకి తగిలించే ఇనప పళ్ళ పట్టీలు అందరికీ కొనండి, జలపాతాల దగ్గర దారి అంతా తుంపర పడి గడ్డకట్టి ఉంటుంది. అమ్మ అవి వేసుకుని స్కోగాఫోస్ దగ్గర ధైర్యంగా నడిచింది, అవి లేనివాళ్ళు రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయారు. కొబ్బరినూనె అక్కడ రాయి, 24 డిగ్రీలు దాటితే గానీ కరగదు. పెదాలకి, చేతులకి వాజెలిన్ తీసుకెళ్ళండి.

వంటగది ఉన్న గెస్ట్‌హౌస్‌లు చూసుకుంటే తిండి సమస్య ఉండదు. బియ్యం బోనుస్, క్రోనన్ అనే సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. స్కిర్ అని గట్టి పెరుగు అమ్ముతారు. ఏ రుచీ కలపనిది తీసుకుని కొంచెం పాలు పోసి కలిపితే పెరుగన్నం చక్కగా కుదురుతుంది. పొద్దున చింతపండు పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే దారిలో హోటలు వెతుక్కునే పని లేదు. మాంసం పచ్చళ్ళు, మాంసం వంటకాలు ఇక్కడి నుంచి మోసుకెళ్ళకండి, సరిహద్దులో ఇబ్బంది. రేక్యావిక్‌లో వేడినీళ్ళ కుళాయికి కోడిగుడ్డు వాసన వస్తుంది, భూమిలోంచి వచ్చే వేడినీళ్ళవి. స్నానానికి బాగుంటాయి. తాగడానికి, కాఫీకి చన్నీళ్ళ కుళాయి పట్టుకుని కాచుకోండి. ఆ చన్నీళ్ళు సీసా నీళ్ళ కన్నా బాగుంటాయి, నీళ్ళ సీసాలు కొనక్కర్లేదు. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

వీక్ పక్కన రేనిస్‌ఫ్యారా నల్ల ఇసక తీరం గురించి గట్టిగా చెప్పాలి. మనం అంతర్వేది, ఓడలరేవు చూసినవాళ్ళం, సముద్రం తెలుసనుకుంటాం. ఆ సముద్రం వేరు. నాలుగు చిన్న అలలు వచ్చాక ఉన్నట్టుండి ఒక పెద్ద అల చాలా లోపలికి వచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది. అలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అక్కడ లైట్ల హెచ్చరిక ఉంటుంది, ఎరుపు వెలిగితే తీరం మీదికి దిగకండి. ఏ లైటు ఉన్నా సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగకండి. పిల్లల చెయ్యి వదలకండి.

దారిలో ఆగిపోతే

112కి ఫోన్ చెయ్యండి. 112 ఐస్‌లాండ్ యాప్ ముందే వేసుకుంటే ఒక్క నొక్కుతో మీరున్న చోటు వాళ్ళకి తెలుస్తుంది. సాయానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్వచ్ఛంద కార్యకర్తలు. సొంత పనులు మానుకుని, అర్ధరాత్రి గాలిలో వస్తారు. మూసిన రోడ్డులోకి మీరు వెళ్తే మీ కోసం వాళ్ళు కూడా వెళ్ళాల్సి వస్తుందని గుర్తుంచుకోండి.

కారు వదిలి నడుచుకుంటూ పోవద్దు. గాలికి లేచిన మంచులో పది అడుగులు వేస్తే కారు కనపడదు. వేడి కోసం ఇంజను వేసే ముందు ప్రతిసారీ వెనక పొగగొట్టం చుట్టూ మంచు తొలగించండి. అది మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. గంటకి పది నిమిషాలు ఇంజను వేస్తే చాలు, ఆ పది నిమిషాలూ గాలి రాని వైపు కిటికీ వేలెడు తెరిచి ఉంచండి. అందుకే దుప్పట్లు, తినడానికేదైనా, నీళ్ళు, ఫోన్ చార్జరు డిక్కీలో పెట్టకండి, సీట్ల దగ్గరే పెట్టుకోండి.

అప్పగించేటప్పుడు

తిరుగు విమానానికి ముందు రోజు మధ్యాహ్నానికే రేక్యావిక్ వైపు చేరండి. రేక్యావిక్‌కి ముందు హెట్లిస్‌హేది అనే ఎత్తైన దారి వస్తుంది, చలికాలంలో తరచూ మూసేస్తారు, దాన్ని వెలుతురుండగానే దాటాలి. చాలా బంకుల దగ్గర బ్రష్షు తగిలించిన నీళ్ళ గొట్టాలు ఉచితంగా ఉంటాయి. కారు కడిగి, పెట్రోలు నింపి, బంకు రసీదు దాచుకోండి. అప్పగించే చోట ముందు తీసినట్టే మళ్ళీ చుట్టూ వీడియో తియ్యండి. తలుపులు నాలుగూ తీసి, మూసి, బందులు బాగున్నట్టు కూడా అందులో కనపడాలి. పొద్దున్నే విమానమైతే ఆఫీసు తెరిచి ఉండదు, తాళాలు పెట్టెలో వేసి వెళ్ళమంటారు. అలాంటప్పుడు ఈ వీడియోయే మీకు సాక్ష్యం. డిపాజిట్ మీ కార్డులోకి తిరిగొచ్చేదాకా దాన్ని ఫోన్లోంచి తీసెయ్యకండి.